రీస్టార్ట్ చేస్తే పదిహేను రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ స్వాప్ నిండుతుంది: ఎనుమాముల అడ్తి దుకాణం సర్వర్ గురించి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు విషయం రెండు ముక్కల్లో చెప్తా. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి (కమీషన్ ఏజెంట్) దుకాణం. పాత డెస్క్‌టాప్ ఒకటి సర్వర్‌గా నడుస్తోంది, ఉబుంటు 22.04, ర్యామ్ 4 జీబీ, మామూలు తిరిగే హార్డ్‌డిస్క్, స్వాప్ పార్టిషన్ (ర్యామ్ చాలనప్పుడు అందులోది తెచ్చి పెట్టడానికి డిస్క్‌లో విడిగా ఉంచిన చోటు) 2 జీబీ. టామ్‌క్యాట్ (జావా ప్రోగ్రాంలను నడిపే సర్వర్) మీద బిల్లింగ్ ప్రోగ్రాం, దాని వెనక మరియాడీబీ అనే డేటాబేస్. పొద్దున జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయ్యి కాంటాలు (తూకాలు) మొదలయ్యాక, పదకొండు దాటేసరికి సిస్టమ్ బిగుసుకుపోతుంది, తక్‌పట్టీ (రైతుకిచ్చే సరుకు లెక్కల చీటీ) ప్రింట్ కొడితే ఐదు నిమిషాలకు వస్తుంది, బయట రైతులు నిలబడి ఉంటారు, లోపల సేఠ్ నీ మీద అరుస్తుంటాడు. రీస్టార్ట్ చేస్తే పది పదిహేను రోజులు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ అదే ఆగం. ఒకాయన జావాలో మెమరీ లీక్ (వాడాక వదలాల్సిన మెమరీని వదలకపోవడం) అన్నాడు, ఇంకొకాయన స్వాప్ తీసిపారేయమన్నాడు, మూడో ఆయన స్వాప్ 16 జీబీ చేయమన్నాడు. ముగ్గురూ నువ్వు పెట్టిన అవుట్‌పుట్ చదవలేదు.

నువ్వు మాత్రం ఫ్రీ, వీఎంస్టాట్, టాప్, డీఎఫ్ (మెమరీ, స్వాప్ కదలిక, ప్రాసెస్‌లు, డిస్క్ వాడకం చూపే కమాండ్లు) నాలుగింటి అవుట్‌పుట్ పెట్టావు, అందుకు సంతోషం. జవాబు ఆ నాలుగింటిలోనే ఉంది, నీ కళ్ల ముందే ఉంది కానీ నువ్వు దాన్ని దాటి పోయావు. అక్కడికి వస్తా, కానీ ముందు ఆ అవుట్‌పుట్ ఎట్లా చదవాలో చెప్పకపోతే వచ్చే సీజన్‌కు మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతావు. ఇంకో మాట, కమాండ్ల పేర్లు నేను తెలుగులోనే రాస్తున్నా, ఫోన్‌లో మాటిమాటికీ కీబోర్డు మార్చే ఓపిక లేదు, టెర్మినల్‌లో నువ్వు ఇంగ్లీషులో కొట్టుకో.

ఫ్రీ అవుట్‌పుట్‌లో అందరూ మొదట చూసేది ఫ్రీ అనే కాలమ్. నీకు 120 ఎంబీ ఉంది, చూసి భయపడ్డావు. ఆ కాలమ్‌ను పట్టించుకోకు. లైనక్స్ ఖాళీ ర్యామ్‌ను ఊరికే ఉంచదు, డిస్క్ నుంచి చదివిన ఫైళ్లను అందులో దాచుకుంటుంది, అవసరం వస్తే వదిలేస్తుంది. చూడాల్సింది చివరి కాలమ్, అవైలబుల్. కొత్త ప్రోగ్రాం ఒకటి మొదలుపెడితే స్వాప్ జోలికి పోకుండా ఎంత ఇవ్వగలదో కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) వేసుకున్న అంచనా అది, 2014లో వచ్చిన 3.14 కెర్నెల్ నుంచి ఉంది. నీకు అది 260 ఎంబీ. మొత్తం 3.7 జీబీలో (4లో కొంత హార్డ్‌వేర్, కెర్నెల్ ముందే తీసేసుకుంటాయి) 260 అంటే మెషిన్ నిజంగానే ఇరుకులో ఉంది, అది నీ అనుమానం కాదు.

స్వాప్ 2 జీబీలో 1.9 వాడినట్టు చూపిస్తోంది. ఇక్కడే మనవాళ్లంతా టెన్షన్ పడతారు. స్వాప్ నిండినంత మాత్రాన సిస్టమ్ స్లో కాదు. మీ దుకాణం లెక్కలోనే చెప్తా. ముందు వసారాలో చోటు తక్కువ, ఇప్పుడప్పుడే అమ్ముడుపోని బస్తాలు హమాలీలతో వెనక గోదాంలో వేయిస్తారు. గోదాం నిండా బస్తాలు ఉంటే వ్యాపారం ఆగుతుందా? ఆగదు, అవి అక్కడ పడి ఉంటాయి అంతే. వ్యాపారం ఎప్పుడు ఆగుతుందంటే, ఇప్పుడే గోదాంలో వేసిన బస్తాను ఐదు నిమిషాలకే మళ్లీ బయటికి తెమ్మంటే, దానికి చోటు కోసం ఇంకో బస్తాను లోపలికి పంపితే, మళ్లీ దాన్నే అడిగితే. హమాలీలంతా ఈ మోతలోనే ఉంటారు, కాంటా దగ్గర ఒక్కడూ ఉండడు. స్వాప్‌లో ఎంత ఉంది అనేది కాదు, ఎంత తిరుగుతోంది అనేది చూడాలి.

ఆ తిరుగుడు చూపించేది వీఎంస్టాట్. పక్కన 1 అని పెట్టి కొడితే సెకనుకో లైన్ ఇస్తుంది. మొదటి లైన్‌ను కొట్టేయి, అది మెషిన్ ఆన్ అయినప్పటి నుంచి సగటు, దాన్ని చూసి మోసపోయినవాళ్లు చాలామంది. రెండో లైన్ నుంచి ఎస్‌ఐ, ఎస్‌ఓ అనే రెండు కాలమ్‌లు చూడు. ఎస్‌ఐ అంటే స్వాప్ నుంచి ర్యామ్‌లోకి వస్తున్నది, ఎస్‌ఓ అంటే ర్యామ్ నుంచి స్వాప్‌లోకి పోతున్నది, సెకనుకు ఇన్ని కేబీ అని. రెండూ సున్నాలు ఉంటే స్వాప్ 99 శాతం నిండినా ఫికర్ లేదు. ఒక్క ఎస్‌ఓ అప్పుడప్పుడు కనిపిస్తే పనికిరాని పేజీలు (మెమరీలో చిన్న ముక్కలు) గోదాంకు పోతున్నాయి, మంచిదే. రెండూ కలిసి నిమిషాల తరబడి వందల్లో, వేలల్లో ఉంటే అదే త్రాషింగ్. నీ పదకొండున్నర అవుట్‌పుట్‌లో ఎస్‌ఐ 900 నుంచి 1600 మధ్య, ఎస్‌ఓ 700 చుట్టూ, పక్కన డబ్ల్యూఏ కాలమ్ 75. అంటే సీపీయూ తన టైమ్‌లో ముప్పావు వంతు ఊరికే డిస్క్ కోసం కాచుక్కూర్చుంది.

1600 కేబీ అంటే ఒకటిన్నర ఎంబీ, అంత చిన్నదానికే ఎందుకు బిగుసుకుపోతుంది అని నీకు డౌట్ రావొచ్చు. లెక్క వేసి చూడు. ఒక పేజీ అంటే 4 కేబీ. తిరిగే డిస్క్ చెదురుమదురుగా ఉన్న చోట్ల నుంచి చదవాలంటే సెకనుకు దాదాపు వంద సార్లు మాత్రమే తల కదపగలదు, అంటే 400 కేబీ. కెర్నెల్ ఒక పేజీ అడిగితే పక్కనున్నవి కూడా కలిపి ఎనిమిది పేజీల దాకా తెస్తుంది కాబట్టి నీకు వెయ్యి దాటి కనిపిస్తోంది, లేకపోతే అదీ ఉండదు. అంటే నీ డిస్క్ దమ్ము అక్కడికే అయిపోయింది. ఇదే డిస్క్ మీద మరియాడీబీ కూడా రాయాలి, టామ్‌క్యాట్ లాగ్ కూడా రాయాలి. ఎస్‌ఎస్‌డీ ఉంటే ఇదే రోగం ఉన్నా నీకు ఇంత తెలిసేది కాదు.

సరే, మెషిన్ ఇరుకులో ఉంది, తిరుగుడు ఉంది. ఎవరు తింటున్నారు? టాప్ ఓపెన్ చేసి ఎఫ్ నొక్కితే కాలమ్‌ల లిస్టు వస్తుంది, అందులో స్వాప్ దగ్గరికి పోయి స్పేస్ కొట్టి, ఎస్ నొక్కి, క్యూతో బయటికి వస్తే స్వాప్ ఎక్కువ వాడేవాళ్ల వరసలో చూపిస్తుంది. నువ్వు అది చేశావు, బాగుంది. జావా 780 ఎంబీ, మరియాడీబీ 260, గ్నోమ్ షెల్ (డెస్క్‌టాప్ తెర), ఫైర్‌ఫాక్స్, చిల్లర మల్లర అన్నీ కలిపి ఓ 200. (సర్వర్ మీద ఫైర్‌ఫాక్స్ ఎవరు తెరిచారో నాకు తెలుసు, గుమస్తా యూట్యూబ్ పెట్టుకున్నాడు. ప్రతి దుకాణంలో ఇదే కథ.)

ఇప్పుడు కూడు. 780, 260, 200. మొత్తం 1240. స్వాప్‌లో వాడినది ఎంత? 1.9 జీబీ, అంటే 1940 దాకా. మిగతా 700 ఎంబీ ఎవరిది?

తక్‌పట్టీలో ఏడు వందల రూపాయలు తేడా వస్తే సేఠ్ నిన్ను రాత్రి ఇంటికి పోనివ్వడు కదా, ఇక్కడ ఏడు వందల ఎంబీ తేడా వస్తే నువ్వూ పట్టించుకోలేదు, సలహా ఇచ్చిన ముగ్గురూ పట్టించుకోలేదు. జావా లీక్ అన్న ఆయన్ను అడుగుతున్నా, జావా హీప్‌కు (ప్రోగ్రాం డేటా ఉండే మెమరీకి) మీరు 2 జీబీ పరిమితి పెట్టారు, అది దాన్ని దాటి పెరగదు, మరి పదిహేను రోజుల పాటు మెల్లమెల్లగా పెరుగుతున్నది ఏంటి?

టాప్‌లోని ఆ స్వాప్ కాలమ్, ప్రాక్ డైరెక్టరీలో ఒక్కో ప్రాసెస్ కింద ఉండే స్టేటస్ ఫైల్‌లోని వీఎంస్వాప్ అనే లైన్ నుంచి వస్తుంది. ఆ లైన్‌లో ప్రాసెస్ సొంత మెమరీ మాత్రమే లెక్కకు వస్తుంది. షేర్డ్ మెమరీ (ప్రాసెస్‌లు కలిసి వాడేది), టీఎంపీఎఫ్‌ఎస్‌లో (ర్యామ్‌లోనే ఉండే ఫైల్‌సిస్టమ్) ఉన్న ఫైళ్లు స్వాప్‌లోకి పోతే అవి ఏ ప్రాసెస్ ఖాతాలోనూ పడవు. కూడితే తక్కువ వస్తుందంటే మొదటి అనుమానం అక్కడే పెట్టుకోవాలి.

ఇప్పుడు నీ డీఎఫ్ అవుట్‌పుట్ మళ్లీ తీయి. కింద నుంచి మూడో లైన్. టీఎంపీఎఫ్‌ఎస్, సైజు 1.9 జీబీ, వాడినది 850 ఎంబీ, 45 శాతం, మౌంట్ అయింది టీఎంపీ (తాత్కాలిక ఫైళ్ల) డైరెక్టరీ మీద.

ఉబుంటు 22.04లో టీఎంపీ అట్లా ఉండదు, మామూలుగా డిస్క్ మీదే ఉంటుంది. అంటే ఎవరో ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏది ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైల్) లైన్ రాసి దాన్ని ర్యామ్‌లో పెట్టారు, స్పీడ్ పెరుగుతుందని ఏ యూట్యూబ్ వీడియోలోనో చూసి ఉంటారు. సైజు చెప్పకపోతే టీఎంపీఎఫ్‌ఎస్ ర్యామ్‌లో సగం దాకా పెరగొచ్చు, నీ 1.9 అక్కడి నుంచే వచ్చింది. అందులో పడిన ప్రతి ఫైలూ ర్యామ్‌లో కూర్చుంటుంది, ర్యామ్ ఇరుకైతే స్వాప్‌లోకి పోతుంది, ఎవరైనా డిలీట్ చేస్తేనే లేదా రీస్టార్ట్ చేస్తేనే పోతుంది. పేజ్ క్యాష్ (పైన చెప్పిన, డిస్క్ నుంచి చదివి దాచుకున్న ఫైళ్లు) లాగా కెర్నెల్ తనంత తాను వదిలేయడానికి లేదు, ఎందుకంటే ఆ ఫైల్‌కు డిస్క్ మీద ఇంకో కాపీ లేదు.

ఇక అందులో ఏముందో నేను చూడకుండానే చెప్తా, తప్పయితే ఇక్కడే తిట్టు. తక్‌పట్టీ ప్రింట్ కొట్టినప్పుడల్లా మీ ప్రోగ్రాం ఒక పీడీఎఫ్ తయారుచేసి టీఎంపీలో పెడుతుంది, ప్రింట్ అయ్యాక దాన్ని తీసేయదు. మీ దుకాణానికి సీజన్‌లో రోజుకు మూడు వందల తక్‌పట్టీలు అని నువ్వే రాశావు. పైన దుకాణం లోగో బొమ్మ ఉంటుంది కాబట్టి ఒక్కో పీడీఎఫ్ 190 కేబీ అనుకో. పదిహేను రోజులకు 4500 ఫైళ్లు, 850 ఎంబీ. రీస్టార్ట్ చేస్తే ర్యామ్ డిస్క్ ఖాళీ, అందుకే పదిహేను రోజులు హాయి. సీజన్ కానప్పుడు రోజుకు ముప్పై తక్‌పట్టీలు కూడా ఉండవు, అందుకే ఎండాకాలం దాటాక ఈ సమస్య మాయమైపోతుందని నువ్వు రాసిన మాట కూడా సరిపోయింది.

చూడడానికి డీయూ కమాండ్ (ఫోల్డర్ల సైజు చూపేది) కొడతావు కదా, తప్పకుండా సుడోతో (అడ్మిన్ హక్కులతో) కొట్టు. ఉబుంటు ప్యాకేజీగా వచ్చిన టామ్‌క్యాట్‌కు సిస్టమ్‌డీ (సర్వీసులను మొదలుపెట్టి నడిపేది) వేరే ప్రైవేట్ టీఎంపీ ఇస్తుంది, అది టీఎంపీ కిందనే సిస్టమ్‌డీ ప్రైవేట్ అని మొదలయ్యే పొడుగు పేరు ఫోల్డర్‌లో ఉంటుంది, మామూలు యూజర్‌కు లోపల కనిపించదు. సుడో లేకుండా చూసి "అన్నా నాలుగు ఎంబీ కూడా లేదు" అని రాస్తావని ముందే చెప్తున్నా. సుడోతో చూసినా డీఎఫ్ లెక్కకు తక్కువ వస్తే, డిలీట్ అయినా ఏదో ప్రాసెస్ ఇంకా పట్టుకుని ఉన్న ఫైళ్లు ఉన్నాయని అర్థం, ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కు ప్లస్ ఎల్ 1 ఆప్షన్ ఇస్తే వాటిని చూపిస్తుంది. ఇంకో చిన్న సంగతి, ఫ్రీ అవుట్‌పుట్‌లో షేర్డ్ కాలమ్ ఉంటుంది, టీఎంపీఎఫ్‌ఎస్ అందులో కనిపించాలి. నీకు అక్కడ 190 ఎంబీ మాత్రమే ఉంది, ఎందుకంటే పాత పీడీఎఫ్‌లు ఎప్పుడో స్వాప్‌కు పోయాయి, షేర్డ్ కాలమ్ ర్యామ్‌లో ఉన్నదాన్నే చెప్తుంది. అందుకే ఎవరికీ దొరకలేదు.

పాత పీడీఎఫ్‌లు స్వాప్‌లో పడుకుని ఉంటే తిరుగుడు ఎందుకు అంటావా? గోదాం అంతా ఎవరూ అడగని బస్తాలతో నిండిపోయింది. ఇప్పుడు వసారాలో చోటు చేయాలంటే కెర్నెల్‌కు మిగిలినవి రెండే దార్లు, స్వాప్‌లో మిగిలిన ఆ కాస్త సందులో జావా, మరియాడీబీ పేజీలను అటూ ఇటూ తిప్పడం, లేదా ఫైల్ క్యాష్‌ను వదిలేసి మళ్లీ డిస్క్ నుంచి చదవడం. పైగా జావా గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని ఊడ్చే పని) పెద్దది జరిగిందంటే హీప్‌లో బతికి ఉన్న ప్రతి మూలా తడిమి వస్తుంది, స్వాప్‌లో పడేసిన పేజీలన్నీ ఒక్కసారి వెనక్కి రావాల్సిందే. పదకొండు గంటలకు తక్‌పట్టీల రష్‌లో అదే జరుగుతోంది.

ఏం చేయాలంటే, మొదట ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ టీఎంపీఎఫ్‌ఎస్ లైన్‌కు ముందు హ్యాష్ పెట్టి రీస్టార్ట్ చెయ్. టీఎంపీ మళ్లీ డిస్క్ మీదికి పోతుంది. అక్కడ కూడా పీడీఎఫ్‌లు పేరుకుంటాయి, 500 జీబీ డిస్క్‌లో అది సమస్య కాదు, కానీ పద్ధతి కాదు. ప్రోగ్రాం రాసినవాళ్లు అందుబాటులో ఉంటే ప్రింట్ అయ్యాక డిలీట్ చేయమను, లేకపోతే రిపోర్టుల ఫోల్డర్ వేరే చోటికి మార్చి, రెండు రోజులు దాటిన పీడీఎఫ్‌లను ఫైండ్ కమాండ్‌తో తీసేసేలా రాత్రిపూట క్రాన్ (టైమ్‌కు దానంతట అదే నడిచే పని) పెట్టు. పెట్టే ముందు సేఠ్‌ను ఒక్క మాట అడుగు, లెక్కలాయనకు ఆ పీడీఎఫ్‌లు కావాలేమో. డేటాబేస్‌లో వివరాలు ఎట్లాగూ ఉంటాయి కానీ అడగడం మంచిది.

రెండోది, అసలు ర్యామ్ లెక్కే తప్పుంది. జావా హీప్ 2 జీబీ, హీప్ బయట దాని ఖర్చు ఇంకో 300 ఎంబీ, మరియాడీబీ బఫర్ పూల్ (డేటాను దాచుకునే ర్యామ్) 1 జీబీ, గ్నోమ్, ఫైర్‌ఫాక్స్ కలిపి 900. 3.7 జీబీ ఉన్న మెషిన్‌లో నాలుగు దాటించి కూర్చోబెట్టావు, పీడీఎఫ్‌లు లేకపోయినా ఇది ఇరుకే. మీ డేటాబేస్ మొత్తం 600 ఎంబీ అన్నావు, దానికి 1 జీబీ పూల్ ఎందుకు? ర్యామ్‌లో 70, 80 శాతం ఇవ్వాలన్న సలహా ఆ మెషిన్ మీద డేటాబేస్ ఒక్కటే ఉన్నప్పుడు. ఏమీ రాయకపోతే మరియాడీబీ తీసుకునేది 128 ఎంబీ, నువ్వు 512 పెట్టుకో. జావాకు జేస్టాట్ కమాండ్‌తో పెద్ద గార్బేజ్ కలెక్షన్ తర్వాత ఎంత మిగులుతోందో చూడు, అది 500 ఎంబీ చుట్టూ ఉంటే 1200 హీప్ పుష్కలం. ఇక డెస్క్‌టాప్ ఎందుకు? సిస్టమ్‌సీటీఎల్‌తో డిఫాల్ట్ టార్గెట్‌ను మల్టీ యూజర్ చేస్తే గ్నోమ్ రాదు, ఫైర్‌ఫాక్స్ రాదు, గుమస్తా యూట్యూబ్ తన ఫోన్‌లో చూసుకుంటాడు. ఇంకో 4 జీబీ ర్యామ్ ముక్క వేయిస్తే ఇవన్నీ ఇంత పిసినారిగా లెక్కపెట్టనక్కర్లేదు. పాత ర్యామ్ ముక్కకు సగం బస్తా తేజ మిర్చి ధర కూడా పడదు, సేఠ్‌కు ఈ లెక్కలోనే చెప్పు, వెంటనే ఒప్పుకుంటాడు.

స్వాప్ తీసేయమన్న సలహా సంగతి. స్వాప్‌ఆఫ్ కొడితే మెమరీ కేటాయించలేమని ఎర్రర్ వచ్చిందన్నావు. రావాలి మరి, స్వాప్‌ఆఫ్ అంటే అక్కడున్న 1.9 జీబీని ర్యామ్‌లోకి తెచ్చిపెట్టాలి, అవైలబుల్ 260 ఉంటే ఎక్కడ పెడుతుంది? అది ఒప్పుకోకపోవడమే నీ అదృష్టం. నాకు ఒకసారి ఒప్పుకుంది. హనుమకొండలో ఒక కాలేజీ, పేరు వద్దు, హాల్ టికెట్లు ఇచ్చే రోజు, సర్వర్ స్లో అని పిలిచారు. ర్యామ్ సరిపోయేంత ఖాళీ ఉంది కదా అని పొద్దున పదిన్నరకు స్వాప్‌ఆఫ్ కొట్టా, ఒక్క నిమిషంలో అయిపోతుందని బయటికి పోయి చాయ్ తాగి వచ్చా. వచ్చేసరికి అదే లైన్ మీద కర్సర్ మినుకుమినుకు మంటోంది. డిస్క్ లైట్ ఆరట్లేదు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది, ఆ నలభై నిమిషాలూ పిల్లలు కిటికీ ముందు, గుమస్తా నా మొహం ముందు. మధ్యలో కంట్రోల్ సీ కొడితే ఆగిపోతుందని, ఏమీ పాడవదని నాకప్పుడు తెలీదు. నీ 1.9 జీబీ అంటే దాదాపు ఐదు లక్షల పేజీలు, పైన వేసిన లెక్కతో నువ్వే భాగించుకో. రష్ టైమ్‌లో స్వాప్‌ఆఫ్ జోలికి పోకు.

అసలు స్వాప్ లేకపోతే ఏమవుతుంది అంటే, ర్యామ్ అయిపోయిన రోజున ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ప్రోగ్రాంను చంపే కెర్నెల్ భాగం) వచ్చి పెద్ద తలకాయను లేపేస్తుంది, నీ మెషిన్‌లో పెద్ద తలకాయ జావా. జర్నల్‌సీటీఎల్‌కు (సిస్టమ్ లాగ్ చూపే కమాండ్) కే ఆప్షన్ ఇచ్చి అవుట్ ఆఫ్ మెమరీ అన్న మాట వెతుకు, చివరి రీస్టార్ట్ తర్వాత టామ్‌క్యాట్ ఎప్పుడైనా చెప్పాపెట్టకుండా మాయమైందంటే అక్కడ రాసి ఉంటుంది. పైగా స్వాప్ లేకపోయినా త్రాషింగ్ ఆగదు, ప్రోగ్రాంల కోడ్ కూడా ఫైళ్ల నుంచి వచ్చిందే కాబట్టి కెర్నెల్ దాన్ని వదిలేసి మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చుంటుంది. డిస్క్ లైట్ అట్లాగే వెలుగుతుంది, ఎస్‌ఐ, ఎస్‌ఓ మాత్రం సున్నా చూపిస్తాయి, ఇంకా పరేషాన్.

16 జీబీ చేయమన్న సలహా కూడా అంతే. 16 జీబీ గోదాం కడితే నీ పీడీఎఫ్‌లు ఇంకా ఎక్కువ రోజులు పేరుకుంటాయి, టీఎంపీఎఫ్‌ఎస్ 1.9 నిండాక ప్రింట్లే ఆగిపోతాయి, అప్పుడు ఇంకో కొత్త ప్రశ్న రాస్తావు. ర్యామ్‌కు రెట్టింపు స్వాప్ అనేది ర్యామ్ ఎంబీల్లో ఉన్న కాలం నాటి సూత్రం. ల్యాప్‌టాప్‌లో హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నది డిస్క్‌లో రాసి ఆఫ్ చేయడం) కావాలంటే ర్యామ్ అంత స్వాప్ ఉండాలి, అడ్తి దుకాణం సర్వర్‌ను ఎవరు హైబర్నేట్ చేస్తారు? నీకు 2 చాలు, మనశ్శాంతికి 4 పెట్టుకో. అయితే మరీ తక్కువ కూడా వద్దు, 22.04 డెస్క్‌టాప్‌లో సిస్టమ్‌డీ ఓఓఎండీ అని ఒకటి నడుస్తుంది, మెమరీ మీద ఒత్తిడి మరీ పెరిగితే అది ముందే లేచి ప్రోగ్రాంలను చంపుతుంది. ఫైర్‌ఫాక్స్ దానంతట అదే మూసుకుపోతోందని గుమస్తా చెప్పిన ఫిర్యాదు ఇదే అయి ఉంటుంది. ఆ విషయంలో ఓఓఎండీకి నా మద్దతు ఉంది.

స్వాపీనెస్ 10 పెట్టావు, ఏమీ మారలేదు అన్నావు. మారదు. 60 అంటే ర్యామ్ 40 శాతం మిగిలినప్పుడు స్వాప్ మొదలవుతుంది అని ఇంటర్నెట్ నిండా రాసి ఉంటుంది, అది తప్పు. చోటు చేయాల్సి వచ్చినప్పుడు ప్రోగ్రాంల సొంత పేజీలను స్వాప్‌కు పంపాలా, ఫైల్ క్యాష్‌ను వదలాలా, ఈ రెంటి మధ్య మొగ్గు ఎటు అని చెప్పే అంకె అది. డిఫాల్ట్ 60, ఇదివరకు 100 దాకానే ఉండేది, 2020లో వచ్చిన 5.8 కెర్నెల్ నుంచి 200 దాకా పెట్టొచ్చు. సున్నా పెట్టినా స్వాప్ పూర్తిగా ఆగదు. డేటాబేస్ ఉన్న మెషిన్‌కు 10 పెడితే తప్పేం లేదు, అట్లాగే ఉంచు, కానీ చోటే లేని చోట మొగ్గు మారిస్తే ఏమొస్తుంది.

ఇక బూట్ అయ్యేటప్పుడు ఒకటిన్నర నిమిషం ఆగుతోంది, ప్రతిసారి చేత్తో స్వాప్‌ఆన్ కొట్టాల్సి వస్తోంది అన్నావు కదా, సంక్రాంతి అప్పుడు ఎవరో చెప్తే స్వాప్ పార్టిషన్ మీద ఎంకేస్వాప్ (స్వాప్‌గా తయారుచేసే కమాండ్) మళ్లీ కొట్టానని కూడా రాశావు. అదే కారణం. ఎంకేస్వాప్ కొట్టిన ప్రతిసారి కొత్త యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) వస్తుంది, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాతదే ఉంది, సిస్టమ్‌డీ ఆ పాత పేరున్న డిస్క్ కోసం 90 సెకన్లు ఎదురుచూసి వదిలేస్తోంది. బీఎల్‌కేఐడీ కొట్టి కొత్త యూయూఐడీ తీసుకుని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో మార్చు. ఇంకో చోట కూడా పాతది దాక్కుని ఉండొచ్చు, ఈటీసీ కింద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ టూల్స్‌లో కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌లో రెజ్యూమ్ అనే ఫైల్. ఉంటే అక్కడ కూడా మార్చి అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను యూ ఆప్షన్‌తో నడుపు.

ఎంకేస్వాప్ కొట్టేముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి పార్టిషన్ పేరు నోటితో చదివి మరీ ఎంటర్ కొట్టు. నేను ఒకసారి డిస్క్ పేరులో ఏ బదులు బీ కొట్టి బ్యాకప్ డిస్క్ మీద స్వాప్ చేశా. మౌంట్ అయి ఉంటే అదే ఒప్పుకునేది కాదు, మౌంట్ కాలేదు. పాత ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ గుర్తు చెరిపేస్తున్నానని వార్నింగ్ కూడా ఇచ్చింది, ఇస్తూనే చెరిపేసింది. అది మొదటి పేజీలోనే రాస్తుంది కాబట్టి మెయిన్ సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ వివరాలుండే బ్లాక్) పోయింది, మిగతా డేటా అక్కడే ఉంది. ఈ2ఎఫ్‌ఎస్‌సీకే అనే రిపేర్ కమాండ్‌కు 32768వ బ్లాక్‌లో ఉండే బ్యాకప్ సూపర్‌బ్లాక్ చూపిస్తే మొత్తం తిరిగొచ్చింది. చేతులు మాత్రం సాయంత్రం దాకా వణికాయి.

పార్టిషన్ గొడవ వద్దనుకుంటే స్వాప్ ఫైల్ పెట్టుకో, ఉబుంటు కూడా 17.04 నుంచి కొత్త ఇన్‌స్టలేషన్‌లో ఫైలే పెడుతోంది. డీడీతో 4 జీబీ ఫైల్ చేసి, సీహెచ్‌మోడ్ 600 ఇచ్చి, ఎంకేస్వాప్, స్వాప్‌ఆన్, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో లైన్. డీడీ బదులు ఫాలోకేట్ వాడితే తొందరగా అవుతుంది, నీ ఈఎక్స్‌టీ4 మీద పనిచేస్తుంది కూడా. ట్రంకేట్‌తో మాత్రం చేయకు, ఫైల్‌లో బొక్కలు ఉన్నాయని స్వాప్‌ఆన్ తిప్పికొడుతుంది.

ర్యామ్ ముక్క వచ్చేదాకా ఓర్చుకోవాలంటే జెడ్‌ర్యామ్ టూల్స్ ప్యాకేజీ వేసుకో. పేజీలను ర్యామ్‌లోనే కుదించి దాచుతుంది, డిస్క్ దాకా పోవాల్సిన పని చాలా తగ్గుతుంది. ఫెడోరా 2020 నుంచి దీన్నే డిఫాల్ట్‌గా ఇస్తోంది. డిస్క్ స్వాప్ కంటే దాని ప్రయారిటీ ఎక్కువ ఉందో లేదో స్వాప్‌ఆన్ షోలో చూసుకో.

ఇవన్నీ మార్కెట్ బంద్ ఉన్న రోజు చెయ్, జెండా పాట ఉన్న రోజు ముట్టుకోకు. చేశాక సిస్‌స్టాట్ (సిస్టమ్ వాడకాన్ని రికార్డు చేసే ప్యాకేజీ) కూడా వేయి, ఈటీసీ డిఫాల్ట్‌లో దాని ఫైల్‌లో ఎనేబుల్డ్ అన్నది ఫాల్స్ ఉంటుంది, ట్రూ చేస్తేనే రాయడం మొదలుపెడుతుంది. తర్వాత దాని సార్ అనే కమాండ్‌కు పెద్ద డబ్ల్యూ ఆప్షన్ ఇస్తే పది నిమిషాలకోసారి సెకనుకు సగటున ఎన్ని పేజీలు లోపలికి, బయటికి పోయాయో రోజంతటిదీ చూపిస్తుంది, నువ్వు పదకొండు గంటలకు టెర్మినల్ ముందు కూర్చోనక్కర్లేదు. రెండు వారాల తర్వాత స్వాప్‌లో రెండు మూడు వందల ఎంబీ ఉన్నట్టు కనిపించవచ్చు, ఆ కాలమ్‌లు సున్నాలుంటే దాన్ని కదిలించకు. సుడోతో కొట్టిన డీయూ అవుట్‌పుట్ మాత్రం రేపే ఇక్కడ పెట్టు, పీడీఎఫ్‌లు కాకుండా ఇంకేమైనా ఉంటే చూద్దాం.